మా ఊరి నుంచి నిల్

లక్ష్మీదుర్గ వాకిట్లో ముగ్గు పెట్టి నడుం సాగదీసుకుంటూ లేచేసరికి, మొగుడు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఈ ఇంట్లో పాలు ఏ గిన్నెలో కాస్తారో ఆయనకు తెలుసన్న సంగతి దుర్గకు ఆ పొద్దునే తెలిసింది.

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం? నువ్వే అలిసిపోతున్నావని."

కాఫీలో పంచదార దిమ్మరించాడు. అయినా తాగింది. ఒక్కో గుక్కా దిగుతుంటే అనుమానం కూడా ఒక్కో మెట్టు ఎక్కింది. లోపలికి వెళ్తే అత్తగారు అప్పటికే వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేసి ఉంచింది. "నువ్వు ఆఫీసుకి తయారవ్వమ్మా, పాపకి జడ నేనేస్తాలే" అంది. కిందటి వారం ఇదే నోటితో "ఉద్యోగం చేసే ఆడదానికి మాత్రం పొయ్యి వేరే ఉంటుందా" అన్న మనిషి. కొడుక్కీ తల్లికీ ఒకే పొద్దున ఒకేసారి దయ పుట్టేసరికి దుర్గకు భయం వేసింది.

దుర్గ ఊరి సచివాలయంలో మహిళా పోలీసు. మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న ఊరు అది, ఇళ్ల కన్నా చెరువులు ఎక్కువ. ఆమె ఉద్యోగానికి ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు. "నువ్వు పోలీసేంటే, పింఛన్ల దగ్గర కుర్చీలు సర్దేదానివి" అని మొగుడు చుట్టాల ముందు నవ్వించేవాడు. నవ్వినవాళ్లకు ఫలహారం ప్లేట్లు అందించింది కూడా దుర్గే. జీతం పడ్డ రోజున మాత్రం ఆ పోలీసు ఉద్యోగం ఆయనకు బాగానే గుర్తొచ్చేది.

ఆయన మూర్తిగారి రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరు. ఆ షెడ్డు యజమాని అసలు పేరు సత్యనారాయణమూర్తి అయినా ఊరంతటికీ మూర్తిగారే. షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లను సాయంత్రం వ్యానులో ఇళ్ల దగ్గర దింపుతారు. వ్యాను తోలేది అజయ్, మూర్తిగారి మేనల్లుడు. అందరికన్నా దూరం కుసుమ ఇల్లు, చెరువుగట్టు చివర. ఈమధ్య ఆడవాళ్లు ఓ పద్ధతి పెట్టుకున్నారు. కుసుమ వ్యానులో ఒంటరిగా మిగలకుండా రోజుకొకరు తమ ఇల్లు దాటిపోయినా దిగకుండా కూర్చుని, కుసుమతో పాటు గట్టు చివర దిగి, చీకట్లో అంత దూరం వెనక్కి నడిచి వస్తారు. పొద్దుట్నుంచి ఐసులో నానిన చేతులు, వాచిన కాళ్లు. ఊరికే ఎవరు నడుస్తారు? దుర్గకు మొదట ఆ నడక మీదే అనుమానం వచ్చింది. నెమ్మదిగా అడిగితే కుసుమ నోరు విప్పింది. అజయ్ రెండుసార్లు గట్టు మీద వ్యాను ఆపేశాడు. రెండోసారి తలుపు తీసుకుని నీళ్లలోకి దూకి బయటపడింది.

ఆ కబురు విన్న వారానికే అసెంబ్లీలో ప్రశ్న పడింది. రొయ్యల షెడ్లలో ఆడవాళ్ల భద్రత మీద హోంమంత్రి జవాబు చెప్పాలి. అసెంబ్లీ ప్రశ్న అంటే ఆఫీసులన్నీ ఒంటి కాలి మీద లేస్తాయి. రేపు సభ అనగా ఇవాళ సాయంత్రంలోపు ప్రతి ఊరి వేధింపుల లెక్కా స్టేషను వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. అక్కడివాళ్లు అన్నీ కూడి పైకి పంపుతారు. అందరూ ఎప్పుడూ పెట్టేది ఒకటే మాట, నిల్, అంటే ఏమీ లేదని. ఆ మాట పెడితే ఎవరూ తిరిగి ఫోన్ చెయ్యరు.

దుర్గ కుసుమను అడిగింది, లెక్కలో వెయ్యనా అని.

"పేరు వద్దు మేడం" అంది కుసుమ. "ఒకటి అని వేస్తే చాలండి. ఇలాంటిదొకటి జరిగిందని అంత పెద్ద సభలో ఒక్కసారి అంటే చాలు."

దుర్గ నిన్న సాయంత్రం ఊరి పేరు రాసి, పక్కన 'ఒకటి' అని పెట్టింది. రాత్రి భోజనాల దగ్గర మొగుడు కూర కలుపుకుంటూ "అసెంబ్లీ లెక్క పంపించేశావా?" అన్నాడు. ఆఁ, పంపానండి అంది. అంట్లు తోముతుంటే అనిపించింది, ఆ లెక్క సంగతి ఈయనకు ఎవరు చెప్పారు అని. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె ఫోను ఆయన చేతిలో ఉంది. పాప హోంవర్కు మెసేజ్ చూస్తున్నానన్నాడు. ఆ ఇంట్లో దుర్గ ఫోనుకు తాళం ఉండదు. "మొగుడూపెళ్లాల మధ్య లాకులేంటే" అని ఆయనే తీయించాడు. ఆయన ఫోను మాత్రం ఆయన వేలికి తప్ప తెరుచుకోదు.

పొద్దున కాఫీ రుచి నాలుక మీద ఉండగానే సచివాలయానికి వచ్చింది. కుసుమ పనికి నాగా పెట్టి వచ్చి కూర్చుంది. తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. ఎక్కడో తన మాట అనబోతున్నారని అంత సింగారించుకున్న మనిషికి దుర్గ తెర బాగా కనపడేలా కుర్చీ జరిపింది. కంప్యూటర్లో సభ పెట్టింది.

హోంమంత్రి లేచాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"అధ్యక్షా, గౌరవ సభ్యులు అడిగినటువంటి వేధింపులపై కొల్లేరు ప్రాంతం నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఊరూరా మన మహిళా పోలీసులే స్వయంగా ఆడపడుచులను విచారించి తేల్చిన విషయం ఇది అధ్యక్షా."

సభ్యులు బల్లలు చరిచారు. స్పీకరు తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.

కుసుమ తెర మీంచి చూపు తిప్పి దుర్గను చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. అనుమానం. పొద్దుట్నుంచి దుర్గ మొగుణ్ని చూసిన చూపే అది.

"మీరు వెయ్యలేదాండీ?"

"వేశాను కుసుమా. ఒట్టు."

"మీవారు మా సూపర్‌వైజరు గారు కదండీ" అంది కుసుమ, తప్పు పట్టినట్టు కాకుండా, తనకే ఇంతసేపూ బుద్ధి లేకపోయినట్టు.

దుర్గ గ్రూపు తెరిచింది. తను పెట్టిన చోట 'మీరు ఈ సందేశాన్ని తొలగించారు' అని ఉంది. కింద తన పేరు మీదే ఊరి పేరు, పక్కన 'నిల్'. ఆ కింద హెడ్ కానిస్టేబుల్ పెట్టిన దణ్ణం బొమ్మ. ఒళ్లు మండిపోయింది. మొగుడి మీద ఎంతో, తన మీదా అంతే. ఆ కాఫీకి తనెంత చవకగా దొరికిపోయింది. రేపు ఈయన్ని పన్లోంచి తీసేస్తే ఇల్లెలా అనే భయం కూడా వెంటనే వచ్చి కూర్చుంది. అత్తగారు ఏమంటుందో, పాప ఎవరి వైపు చూస్తుందో అన్నీ కళ్లముందు తిరిగాయి. కుసుమ చెప్పుల్లో కాళ్లు పెడుతోంది. ఈ మనిషి ఈ గుమ్మం దాటితే ఇంకెవరికీ ఏదీ చెప్పదు.

"ఆగు. నేనూ వస్తున్నా" అంది దుర్గ.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ తాతాజీ మంచిగానే మాట్లాడాడు. "మంత్రిగారు సభలో చెప్పేశాక ఇంకేం మారుస్తామమ్మా? నువ్వు పెట్టిందేగా నిల్."

"నేను పెట్టలేదండి."

తాతాజీ కుసుమ వైపు చూసి గొంతు తగ్గించాడు. "పొరపాటున పడిందని చెప్పు తల్లీ. ఇంట్లో గొడవలెందుకు? అంతటితో పోతుంది."

తేలికైన దారి. తొమ్మిదేళ్లుగా దుర్గ నడిచిన దారే. చెంప వాస్తే పంటినొప్పి అంది, కళ్లు వాస్తే నిద్ర లేదంది. పుట్టింటి నుంచి అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావే అంటే, బానే ఉన్నానమ్మా, ఏం లేదు అంది. తలుచుకుంటే అవన్నీ నిల్ రిపోర్టులే.

"పొరపాటు కాదండి. కంప్లయింట్లు రెండు రాసుకోండి. ఒకటి అజయ్ మీద, కుసుమ చెప్తుంది. రెండోది నాది."

కుసుమ ఆమె చెయ్యి పట్టుకుంది. ఐసు పనికి గరుకెక్కిన చెయ్యి.

"నీదా? ఎవరి మీదమ్మా?"

భర్త పేరు పైకి పలికితే ఆయుష్షు తరుగుతుందని అత్తగారి నియమం. బ్యాంకులో అడిగినా, బళ్లో అడిగినా దుర్గ 'పాప వాళ్ల నాన్నగారు' అనేది. కొత్తకోడలిగా వచ్చిన రోజు గుమ్మంలో ఆడపడుచు అడ్డం నిలబడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తానంటే, సిగ్గుపడుతూ చెప్పింది ఒక్కసారి. లోపలికి వెళ్లడానికి.

"గోపీచంద్" అంది గట్టిగా, లోపల గదిలో ఉన్న ఎస్సైకి కూడా వినపడేటట్టు.