ఉక్కును వంచిన దమ్యానా

కైరోలో, ముకట్టం కొండ కింద, చెత్త ఏరి బతికే కాప్టిక్ అనే ఈజిప్టు క్రైస్తవుల పేటలో దమ్యానాకు చిన్న కొట్టుంది. పాడైన కంప్యూటర్ల హార్డ్ డిస్కులు విప్పడం ఆమె పని. అల్యూమినియం ఒక బస్తాలో, ఉక్కు ఇంకో బస్తాలో వేసేది. లోపలి అయస్కాంతాలను మాత్రం, ఎవరూ కొనకపోయినా, పారేయడానికి చేతులు రాక డబ్బాల్లో దాచేది.

"వదినా, ఆ మెరుపు ముక్కలతో మ్యూజియం పెడతావా ఏంటి?" అని మరిది హబషీ ఆటపట్టించేవాడు.

"ఇంత బలమున్నది చెత్తెలా అవుతుందిరా!" అనేది ఆమె.

ఒక ఉదయం విశ్వవిద్యాలయం నుంచి నివీన్ అనే పరిశోధకురాలు ఆ అయస్కాంతాలను వెతుక్కుంటూ వచ్చింది. ఆ ముక్కల్లో నియోడిమియం అనే అరుదైన లోహం ఉంటుందనీ, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ మొదలు ఎలక్ట్రిక్ కారు మోటారు దాకా అది కావాలనీ చెప్పింది. పాత అయస్కాంతాలను పొడి చేసి కొత్తవి తయారుచేయాలని వాళ్ల ప్రయత్నం. కానీ అవి అతుక్కుని ఉండే ఉక్కు పలక నుంచి ఊడదీయబోతే సగం పగిలిపోతున్నాయట.

"దేంతో తీస్తున్నారు?"

"ఉలితో, అక్కా."

దమ్యానా ఫక్కున నవ్వింది. "అయ్యో డాక్టరమ్మా! అయస్కాంతం జోలికి పోకూడదు. దాన్ని పట్టుకున్న ఉక్కునే వంచాలి."

రెండు పట్టకార్లతో పలక రెండు చివరలూ బిగించి వంచింది. టప్పున అయస్కాంతం చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. నివీన్ కళ్లప్పగించి చూసింది.

"మా విద్యార్థులకు నేర్పుతావా?"

"నాకు అక్షరం ముక్క రాదమ్మా."

"మాకు ఇది రాదుగా!"

దమ్యానా పండగ గౌను వేసుకుని ప్రయోగశాలకు వెళ్లింది. ఒకమ్మాయి వేలు రెండు అయస్కాంతాల మధ్య నలిగి కేక వేస్తే, "లాగకు తల్లీ, పక్కకు జరుపు" అంటూ విడిపించింది. వారం తిరిగేసరికి అందరి చేతికీ ఆ ఒడుపు పట్టుబడింది.

వేసవిలో నివీన్ ఒక బల్ల ఫ్యాను తెచ్చి కొట్టులో పెట్టింది. "ఇందులో తిరిగేది నువ్వు తీసిన లోహమే, అక్కా!"

చల్లగాలికి పేటలో ఆడవాళ్లంతా మూగారు. దమ్యానా కాసేపు నిలబడి చూసి, స్విచ్ ఆపేసింది.

"అదేంటి, నచ్చలేదా?"

"నచ్చకేం! ఒక్కసారి విప్పి చూసుకోనీ."

మోటారు విప్పి, కొత్త అయస్కాంతాన్ని బొటనవేలితో నిమిరింది. తర్వాత ఒక్కొక్క స్క్రూ జాగ్రత్తగా బిగించింది. ముప్పై ఏళ్లలో, విప్పిన వస్తువును ఆమె తిరిగి బిగించడం అదే మొదటిసారి.