జబ్బ మీద తల

"ఎడం చేత్తో సంగటి పెడ్తాండావే, నేనేమన్నా కుక్కనా?" తిమ్మక్క కంచం వెనక్కి లాక్కుంది.

ఇంద్రాణి ముద్దను మళ్ళీ గిన్నెలో వేసింది. అత్తకు తెలియక కాదు. కోడలి కుడి చెయ్యి మోచేతి దాకా బాగానే ఉంది. మణికట్టు దగ్గర మాత్రం వాలిపోయి, వానలేక వాడిన శెనక్కాయ చెట్టులా వేలాడుతోంది. "లెయ్యే తల్లీ" అని మనసులో ఎంత బతిమాలుకున్నా లేవదు. అది మాట వినడం మానేసి పదిహేను రోజులైంది. విత్తనం కాయలు ఒలిచే రోజులు. పప్పు పొర చిట్లకుండా ఒలవడంలో ఊళ్ళో ఇంద్రాణి తర్వాతే ఎవరైనా. ఇప్పుడు చాట ముందు కూర్చుంటే కాయ వేళ్ళలోంచి జారిపోతోంది. తిమ్మక్క మొదట పని ఎగ్గొట్టే నాటకమంది. తర్వాత పక్షవాతమని తేల్చి, పావురాన్ని కోయించి ఆ వెచ్చని నెత్తురు చేతికి పట్టించింది. ఆ వాసనకు ఇంద్రాణి రెండు రోజులు అన్నం ముట్టలేదు. చెయ్యి మాత్రం లేవలేదు.

ఏం జరిగిందో ఆమెకు తెలుసు. చెప్పుకోవాలంటే సిగ్గు.

మొగుడు ఓబుళేసు బోర్లు వేసే లారీ మీద పనిచేస్తాడు. ఆ కరువు సంవత్సరాల్లో జిల్లాలో ఖాళీ లేనిది బోరు లారీకే. నాలుగు నెలలకోసారి ఇంటికొస్తే, పదకొండేళ్ళు కాపురం చేసిన పెళ్ళాంతో మాట్లాడేది "నీళ్ళు తోడినావా", "చొక్కా ఉతికినావా", అంతే. ఈసారి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం ఏం బుద్ధి పుట్టిందో, కరెంటు పోయి ఆమె చాప మీద నడుం వాల్చి ఉంటే పక్కకొచ్చి, "మే, రవ్వంత జరుగు" అని ఆమె కుడి జబ్బ మీద తల పెట్టుకున్నాడు. పెట్టుకున్న వెంటనే నిద్రపోయాడు. జుట్టునిండా రాతి దుమ్ము, డీజిలు వాసన. ఆమె కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది, మండింది, తర్వాత ఉన్నట్టే తెలియలేదు. తీస్తే లేస్తాడు, లేస్తే పేకాటకు పోతాడు. మూడు గంటలు అట్లాగే పడుకుంది. ఆ మూడు గంటలూ ఎంత సుఖపడిందో ఎవరికని చెప్పుకుంటుంది? అతను లేచి టీ పెట్టమన్నాడు. గిన్నె అందుకోబోతే చెయ్యి వాలిపోయింది.

పావురం పని చేయలేదని తేలాక, ఓబుళేసు ఆమెను అనంతపురంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు సూదితో అక్కడక్కడా గుచ్చాడు. బొటనవేలి వెనక గుచ్చితే ఆమెకు తెలియలేదు.

"పక్షవాతం కాదమ్మా. జబ్బ దగ్గర నరం నలిగింది. ఎవరైనా నీ చేతిమీద తల పెట్టుకొని చానా సేపు నిద్రపోయినారా?"

ఇంద్రాణి భర్త వైపు చూసింది. చెయ్యి బాగుకాకపోయినా సరే, ఆ మధ్యాహ్నం నిజంగా ఉండిందని అతను ఒక్కసారి ఒప్పుకుంటే చాలనిపించింది.

"లేదు సార్," అన్నాడు ఓబుళేసు. "దీనిది మొద్దు నిద్ర. చెయ్యి ఒంటికిందేసుకొని పండుకొనుంటాది."

డాక్టరు చేతికి పట్టీ కట్టి, మళ్ళీ దానిమీద బరువు పడనీయొద్దన్నాడు. తిరిగొచ్చే బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నలిగింది నరమొక్కటే కాదని పామిడి చేరేలోపు ఆమెకు అర్థమైంది.

మూడు నెలలకు మొదట మణికట్టు, తర్వాత బొటనవేలు లేచాయి. ఇంద్రాణి ఒక్కతే కూర్చుని వేళ్ళు ఎత్తి దించుకుంటూ పిచ్చిదానిలా నవ్వుకుంది.

ఓబుళేసు మళ్ళీ వచ్చాడు. మధ్యాహ్నం అదే చాప, అదే డీజిలు వాసన.

"మే, రవ్వంత జరుగు."

ఆమె ఒళ్ళంతా ఆ తల బరువు కోసం కొట్టుకుంది. అయినా లేచి కూర్చుని, కుడిచేత్తో దిండు తీసి ముందు పెట్టింది.

"ఆ పొద్దు నా చేతిమీద పండుకొన్నెది నువ్వు. ఆ మాట చెప్పు, జరుగుతా."

"ఇప్పుడవన్నీ యాలమే?" అతను దిండు లాక్కుని అటు తిరిగాడు.

దుమ్ము పట్టిన ఆ జుట్టులో వేళ్ళు పెట్టాలని ఎంత ఆశగా ఉందో ఆమెకే తెలుసు. వేళ్ళు కూడా ఇప్పుడు చెప్పినట్టు వింటున్నాయి.

ఆమె జరగలేదు.