నలభై పెట్టెల బరువు

బండి రోడ్డు పక్క కాలవలోకి జారిన రోజు సాయంత్రమే మా ఇంట్లో నాకు శిక్ష ఖరారైంది. ఇక మీదట నేను స్టీరింగ్ ముట్టుకోకూడదు. ఆ మాట అన్నది మా మరిది. ఊఁ కొట్టింది మా అత్తగారు. మా ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నా వైపు తప్ప అన్ని వైపులకూ చూశాడు.

మాది తేనెటీగల పని. కొండ మీద పూత మొదలవగానే ఈగల పెట్టెలు పైకి చేరుస్తాం, పూత అయిపోయాక కిందికి దించుతాం. దానికి ఒక ఫోర్ వీల్ పికప్ ఉంది. ముందు ఇద్దరు, వెనక సీట్లో ఇద్దరు, వాళ్ళ వెనక తొట్టిలో పెట్టెలు. పెళ్ళికి ముందు మా నాన్న లారీ పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి నాది. మా ఆయనకు వంపుల్లో కళ్ళు తిరుగుతాయి. మరిదికి బజార్లో తేనె అమ్మడం, నున్నటి రోడ్డు మీద బండి నడపడం బాగా వచ్చు. కాబట్టి కొండదారి ఎప్పుడూ నాదే. ఇన్నేళ్ళలో ఒక్క పెట్టె మూత కూడా ఊడలేదు. అది ఎవరికీ గుర్తు రాలేదు. జారింది ఒక్కసారి, అది మాత్రం అందరికీ కంఠతా వచ్చేసింది.

అసలు ఆ జారుడు ఎందుకు జరిగిందో చెబితేగాని నా కడుపుమంట మీకు అర్థం కాదు.

కిందటి పూతలోనే బండి వెనక భాగం బాగా కుంగిపోయింది. లోడుతో దిగుతుంటే ముందు దీపాలు రోడ్డు వదిలేసి చెట్ల మీద పిట్టలను వెతికేవి. వెనక బరువు మోసే ఇనప పట్టీల కమాన్లు అలిసిపోయాయని, మార్పించాలని ముందు చెప్పింది నేనే. "నాకొదిలెయ్ వదినా, మన బండి రూపమే మార్చేస్తా" అన్నాడు మరిది. నేను పట్టుబట్టి తనతోపాటు బళ్ళకు సస్పెన్షన్, అంటే కమాన్లూ స్ప్రింగులూ, మార్చే షాపుకు వెళ్ళాను.

ఆ షాపు యజమాని నన్ను చూసి ఒక కుర్చీ చూపించాడు. ఆ తర్వాత నేను కుర్చీతో సమానం అయిపోయాను. నేను ప్రశ్న అడిగితే జవాబు మరిదికి చెప్పేవాడు.

"బండి వెనక కుంగుతోందండీ. దించేటప్పుడు మరీనూ" అన్నాను.

"హైట్ పెంచేద్దాం బాస్. ముందు పొడుగు స్ప్రింగులు, వెనక కమాన్ల కింద దిమ్మలు, ఎర్ర షాక్ అబ్జార్బర్లు. రోడ్డు మీద వెళ్తుంటే జనం తిరిగి చూడాలి" అన్నాడు ఆయన, మరిది భుజం తట్టి.

"లోడెంత?" అని మాటవరసకు అడిగాడు. "విడతకు నలభై పెట్టెలు" అన్నాడు మరిది. నేనూ తల ఊపాను. మా ఇంట్లో లెక్క అంతే. ఎవరైనా పలకరించినా పెట్టెల్లోనే చెబుతాం. కిలోల్లో మాట్లాడేది తేనె డబ్బాల్లోకి ఎక్కాకే.

బండి తయారై వచ్చింది. ఎక్కాలంటే మా అత్తగారికి ముక్కాలిపీట వెయ్యాల్సి వచ్చింది. మరిది బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. పైకి వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తీరా పూత అయిపోయి, నిండు పెట్టెలతో దిగుతున్నప్పుడు అసలు రంగు బయటపడింది. దిమ్మలు బండిని ఎత్తులో నిలబెట్టాయేగాని మోసే బలం పెంచలేదు. కింద ఉన్నవి అవే అలిసిన కమాన్లు. ఎత్తు పెరగడంతో బండి వంపు వంపుకూ పక్కకు ఒరిగిపోతోంది. మూడో వంపులో ఒక గుంట తగిలింది. కమాన్లు పూర్తిగా అణిగిపోయి దబ్బున కొట్టుకున్నాయి. వెనక భాగం ఎగిరి పక్కకు జరిగింది, చక్రం కాలవలో పడింది. నాలుగు పెట్టెలు పగిలాయి. తేనెలో మునిగిపోయిన ఈగలను గరిటెతో తీశాను. బతికినవి తక్కువ.

"స్పీడుగా ఎందుకు వెళ్ళావు?" అన్నాడు మరిది.

"నడిచే మనిషి కూడా దాటేసేంత మెల్లగా వచ్చాను."

"మరి అంత మంచి సస్పెన్షన్ వేయిస్తే కూడా జారిందంటే?"

అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చెయ్యి నాది కాబట్టి తప్పు నాది. అరికాలి మంట నెత్తికెక్కింది. సస్పెన్షనే తప్పని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఆయన ఇరవై ఏళ్ళ నుంచీ అదే పని చేస్తున్నాడు, ఆయనకు తెలీదా, నీకు తెలుసా?" అన్నాడు. నేనూ అన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నానని ఎవరికీ తట్టలేదు.

రెండో లోడు దించడానికి మరిది తనే బయల్దేరాడు. నేను ఇంట్లో కూర్చుని ఉల్లిపాయలు తరిగాను. అవసరమైన దానికన్నా చాలా ఎక్కువ తరిగాను. మధ్యాహ్నానికి బండి వచ్చింది. వెనక దీపం లేదు, తొట్టి తలుపు లోపలికి నొక్కుకుపోయింది. మూడు పెట్టెలు పగిలాయి. అదే వంపు, అదే గుంట.

మా మరిది దిగి ఏమన్నాడో తెలుసా? "ఛీ, ఏం రోడ్డు వేశారమ్మా దొంగవెధవలు!"

"అయ్యో, నాయనా, నీకేం దెబ్బ తగల్లేదు కదా" అంటూ అత్తగారు మంచినీళ్ళు తెచ్చింది.

నేను జారితే నా చెయ్యి మంచిది కాదు. తను జారితే రోడ్డు మంచిది కాదు. ఆ గుంట మాత్రం ఇద్దరికీ ఒకటే. నాకు ఏడుపొచ్చింది, కోపంతో. నాకు మంచినీళ్ళు ఎవరూ ఇవ్వలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చిన్న విషయమే. కానీ ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఆ లోడు ఇంకా దించలేదు. తాళం చెవి బండిలోనే ఉంది. ఎక్కి కూర్చున్నాను. "ఎక్కడికే?" అని అత్తగారు అరుస్తుండగానే బండి గేటు దాటించాను. మెల్లగా, గుంటలు తప్పించుకుంటూ, ఈగలతో సహా తిన్నగా షాపు ముందుకు తీసుకెళ్ళి ఆపాను.

పెట్టెల ద్వారాలకు జాలీ కొట్టే ఉంది. కానీ పగిలిన వాటిలోంచి బయటపడ్డవి కొన్ని బండి పైన తిరుగుతున్నాయి. షాపులో పనివాళ్ళు స్పానర్లు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తారు. యజమాని అద్దాల గది తలుపు కొంచెం తెరిచి తల బయటపెట్టాడు.

"మగవాళ్ళెవరూ రాలేదామ్మా?"

"ఒక్కో పెట్టెలో వేల మంది ఆడవాళ్ళు వచ్చారు, పనిచేసే ఈగలన్నీ ఆడవే. వాళ్ళతో మాట్లాడతారా, నాతో మాట్లాడతారా?"

ఆయన నాతో మాట్లాడడానికే ఇష్టపడ్డాడు.

ఆయన్ను బండి పక్కన నిలబెట్టి చూపించాను. టైరుకూ తొట్టికీ మధ్య అరచెయ్యి దూరడం లేదు. ఆయన వంగి చూసి, గెడ్డం గోక్కున్నాడు.

"ఇంత లోడని చెప్పలేదు కదమ్మా."

"నలభై పెట్టెలని చెప్పాం."

"పెట్టెలంటే? అగ్గిపెట్టెలా, అట్టపెట్టెలా? ఖాళీ అట్టపెట్టెలనుకున్నా. కిలోలెంత?"

నాకు తెలీదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పైకి వెళ్ళేటప్పుడూ నలభై పెట్టెలే, దిగేటప్పుడూ నలభై పెట్టెలే. కానీ పైకి వెళ్ళేవి దాదాపు ఖాళీవి, దిగేవి తేనెతో నిండినవి. ఒకే అంకె చెప్పుకుంటూ రెండు వేరే వేరే బరువులు మోస్తున్నాం, ఇన్నేళ్ళుగా.

"మేం చెప్పలేదు సరే, మీరెందుకు అడగలేదు?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "బండి మోసే బలం పెంచాలా, ఫోటోలో అందం పెంచాలా అని ఒక్క మాట అడగాలా వద్దా? నడిపే మనిషి ఎదురుగా కూర్చుంటే ఎత్తు ఎంత కావాలని పక్కవాణ్ణి అడుగుతారా?"

"ఎక్కండి, కాటా వేయిద్దాం" అన్నాను.

అక్కడి నుంచి లారీలు తూచే కాటా దగ్గరికి వెళ్ళాం. మొదట ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు, ఆపైన మొత్తం బండి తూకం వేయించాం. వెనక ఇరుసు మీద పడిన బరువు చూసి షాపాయన నాలుక కరుచుకున్నాడు. మర్నాడు ఖాళీ పెట్టెలతో ఇంకోసారి తూకం వేయించాను. ఆ రెండు చీటీలూ ఆయన బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అన్నిటికన్నా గట్టి కమాన్లు వేసేస్తా" అన్నాడు.

"వద్దు. పైకి ఖాళీగా వెళ్ళేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది, లోపల తేనెపట్టు విరిగిపోతుంది. పిల్ల ఈగలు చస్తాయి."

ఆయన నిజంగానే ఆలోచించాడు. నేను అడుగుతూ, ఆయన చెబుతూ చివరికి తేల్చింది ఇదీ: దిమ్మలూ పొడుగు స్ప్రింగులూ తీసెయ్యడం, తేలిక లోడుకూ బరువు లోడుకూ మధ్యస్థంగా ఉండే కొత్త కమాన్ల కట్ట, దానికి సరిపడే షాకులు, వెనక ఇరుసు మీద రెండు గాలి సంచులు. దిగేటప్పుడు గాలి నింపుకోవాలి, ఎక్కేటప్పుడు తగ్గించుకోవాలి. "కానీ ఎన్ని వేసినా బ్రేకులూ ఇరుసూ అవే కదమ్మా. వాటికీ ఒక హద్దుంది. ముప్పై పెట్టెలకు మించి వెయ్యకండి" అన్నాడు. ఒప్పుకున్నాను. ఈసారి ప్రతి మాటా నా ముఖం చూసే చెప్పాడు. దానికి సంతోషించాలా? మొదటిరోజే చూడాల్సిన ముఖం అది.

కొత్త సస్పెన్షన్‌తో కొండ మీదికి వెళ్ళాం. మిగిలిన పెట్టెలు ఎక్కించి, గాలి నింపి, చుట్టూ తిరిగి చూశాను. బండి బల్లపరుపుగా నిలబడింది. దీపాలు రోడ్డునే చూస్తున్నాయి. మరిది కూడా చూశాడు. చూసి, చెయ్యి చాపాడు.

"తాళం ఇలా ఇయ్యి వదినా. ఇప్పుడు బండి బాగుపడింది కదా, ఎవరు నడిపినా నడుస్తుంది. నీకెందుకు శ్రమ?"

నేను విన్నది నిజమేనా అని మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "ఇచ్చెయ్యరాదూ, ఊరికే గొడవెందుకు" అన్నాడు.

"బండి పాడైతే తప్పు నాదీ, బాగుపడితే గొప్ప బండిదీనా?" అని అరిచాను. కొండంతా వినబడే ఉంటుంది. "తప్పు ఎక్కడుందో చెప్పింది నేను. కాటా వేయించింది నేను. ఏం వెయ్యాలో, ఏం వద్దో తేల్చింది నేను. ఒక్కరు, ఒక్కరైనా, నిన్ను అనవసరంగా అన్నామే అన్నారా? తాళం కావాలా? నడిచి వెళ్ళు!"

ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాను. మొదట అత్తగారు నా పక్కన ఎక్కింది. అన్నదమ్ములిద్దరూ వెనక సీట్లో సర్దుకున్నారు. మూడో వంపు వచ్చింది, గుంట వచ్చింది. బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది. ఒక్క పెట్టె కదల్లేదు. వెనక నుంచి ఒక్క మాట లేదు. పక్కకు చూస్తే అత్తగారు అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది.

నేను నడుపుతుంటే అలా నిద్రపోవడమే మెచ్చుకోలు అనుకుని సరిపెట్టుకుందామా అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలా సరిపెట్టుకునే ఇంత దాకా వచ్చింది. భుజం పట్టి కుదిపి లేపాను.

"అత్తయ్యా! బాగా నడిపానా, లేదా?"

ఆవిడ ఉలిక్కిపడి, ముందు రోడ్డు వైపు, తర్వాత నా వైపు చూసింది. "బాగానే నడిపావు. ఆ మాత్రం దానికి నిద్ర లేపాలా?"

"లేపాలి" అన్నాను.