కటింగ్ రెండేళ్లు

బాస్కెట్‌బాల్ సంఘం విచారణాధికారి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకేసి ఎత్తి చూసింది. అది దేవిశ్రీ ఎడమ మణికట్టు. సర్టిఫికెట్లో వయసు పదిహేడు. ఎముకల ఎదుగుదలని బట్టి డాక్టరు రాసింది పందొమ్మిది.

సాయంత్రం ఆరింటికి చెన్నై రైలు. రేపు అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుతో ఒప్పందం, నెలకి నలభై వేలు. ఈ గదిలోంచి క్లియరెన్స్ కాగితం అందకపోతే రైలూ లేదు, జట్టూ లేదు.

పక్క కుర్చీలో అకాడమీ కోచ్ గురునాథరావు మాస్టారు తాపీగా కూర్చున్నాడు. ఏం చెప్పాలో పొద్దున్నే ఆటోలో నేర్పాడు. చదువురాని తల్లి తేదీ తప్పు చెప్పిందనాలి. అధికారి నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తుంది. పిల్ల చెన్నై వెళుతుంది, అకాడమీ పేరూ నిలుస్తుంది. ఇటుపక్క కూర్చున్న తల్లి పోతమ్మ ఊరికే తలూపితే చాలు.

హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు దేవిశ్రీ ఎత్తు చూసి అకాడమీకి తీసుకెళ్ళింది ఆయనే. ఆ కోర్టులో కొత్తపిల్లని అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, "కటింగ్ ఎంత?" అని. అంటే కాగితం మీద ఎన్నేళ్లు కోశారని. ఏడాది కోసినవాళ్లున్నారు, మూడేళ్లు కోసినవాళ్లూ ఉన్నారు. రెండు పుట్టినరోజులు కాబట్టి రెండు కేకులు తేవాలని దేవిశ్రీని ఏడిపించేవారు. అండర్ సెవెంటీన్లో రాష్ట్రానికి ఆడింది ఆ కాగితంతోనే.

విచారణాధికారి ఒక అఫిడవిట్ బల్ల మీదుగా జరిపింది. పుట్టినతేదీ ఇదేనని తల్లి ఇచ్చిన ప్రమాణపత్రం. అడుగున నీలం వేలిముద్ర.

ఇది మీదేనా అని అడిగిందావిడ. మాస్టారు కళ్ళతోనే సైగ చేశాడు. పోతమ్మ కాగితం దగ్గరికి లాక్కుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"నాది కాదండి."

మాస్టారు నవ్వాడు. "హార్బర్లో చేపలమ్ముకునే మనిషి మేడమ్. ఎక్కడ వేలు పెట్టిందో ఆమెకేం గుర్తుంటుంది?"

"డ్వాక్రా గ్రూపుకి నానే లీడర్ని బాబూ," అంది పోతమ్మ. "పదిమందికి సంతకం నేర్పింది నాను. ఏలిముద్ర ఎట్టి పదిహేనేళ్లయింది. మమ్మల్ని సూత్తే సాలు, మీకు ఏలే కనపడతాది గావాల."

పెన్ను అందుకుని ఓ తెల్లకాగితం మీద పేరు రాసింది. వంకర లేదు, వణుకు లేదు. విచారణాధికారి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసి, దేవిశ్రీ వైపు తిరిగింది. మరి ఈ వేలు ఎవరిదని అడిగింది.

మాస్టారు దేవిశ్రీ భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మ మరిచిపోయిందని చెప్పు, లేకపోతే రెండేళ్లు బ్యాన్ అని చెవి దగ్గర గొణిగాడు.

దేవిశ్రీకి ఆ అఫిడవిట్ తయారైన మధ్యాహ్నం కళ్ళముందు మెదిలింది. కారు బానెట్ మీద కాగితం, ఇంకు ప్యాడు. హార్బర్లో అమ్మ చేపల బేరం చెడగొట్టడమెందుకంటూ తన సొంత బొటనవేలే నొక్కి, ఆటగాళ్ల తువ్వాలుకి తుడుచుకున్న మాస్టారు. అది చూసి కూడా అప్పుడు దేవిశ్రీ కిక్కురుమనలేదు. బయట వరండాలో మరో ఏడుగురు పిల్లలు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ల ఫైళ్లలోనూ తల్లుల పేరున ఎవరి వేళ్లున్నాయో. తను నోరు విప్పితే వాళ్ల ఆటా ఆగిపోవచ్చు. విప్పకపోతే ఆ తల్లులందరూ దొంగలవుతారు.

"నాకు కటింగ్ రెండేళ్లు మేడమ్," అంది. "నాకు తొమ్మిదో క్లాసు నుంచీ తెలుసు. తెలిసే ఆడాను. అది కూడా రాసుకోండి."

విచారణాధికారి పెన్ను ఆగింది. "రాస్తే ఈ రోజు నీకు క్లియరెన్స్ ఇవ్వలేను. తెలుసా?"

"తెలుసు. మా యమ్మ మీద మాత్రం రాయకండి."

"అయితే ఎవరి మీద రాయను?"

భుజం మీద చెయ్యి బిగిసింది. దేవిశ్రీ లేచి నిలబడింది. అంత ఎత్తుకి మాస్టారు చెయ్యి అందక జారిపోయింది.

"ఏలు ఎట్టింది ఈయనే మేడమ్. గురునాథరావు మాస్టారు."