తమ్ముడి ఎడమచెయ్యి

మణికట్టు విరిగి అతుక్కున్నాక పెద్దక్కకి బేస్ గిటార్ వాయించడం యమయాతన అయిపోయింది. ఆ లావుపాటి తీగలు ఒక్క పాటసేపు నొక్కిపట్టేసరికి మోచేతి దాకా సలుపు. ముగ్గురు తోబుట్టువుల బ్యాండు వాళ్లది. చెల్లెలు పాడుతుంది, తమ్ముడు కీబోర్డు వాయిస్తాడు. అక్క చేతికి కట్టు ఉన్నన్నాళ్లూ ఆవిడ వాయించాల్సిన మంద్రస్వరాలు కూడా తమ్ముడే ఎడమచేత్తో లాగించేశాడు. "నీకెందుకక్కా శ్రమ, నేను చూసుకుంటాగా" అన్నాడు పాపం, ప్రేమగానే. ఆ ప్రేమే ఆవిడ గుండెలో రాయి పడేసింది. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే తన చోటు ఆ ఎడమచేతికి ఖాయమైపోదూ!

అందుకే ఓ వాన మధ్యాహ్నం గిటార్ చంకనేసుకుని బాబాయి తీగల కొట్టుకి వెళ్లింది. బాబాయి తీరే వేరు. పొట్లం మీది పేరు చూడనివ్వడు. వెనకగదిలో ఒక్కోదానికీ ఒక్కో రకం తీగలు కట్టిన పాత గిటార్లు ఉంటాయి. కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ ఒళ్లోకి తీసుకోవాలి. "కళ్లు తెరిచి కొన్నావంటే డాబు కొంటావమ్మా" అంటాడు.

రేకుల మీద వాన పడుతోంది. మొదటి గిటార్ తీగలు బండరాళ్లు. రెండోదానివి నున్నగానే ఉన్నాయి గానీ నోట్లో గుడ్డ కుక్కినట్టు పలికాయి. మూడోది ఒళ్లోకి రాగానే వేళ్లు వాటంతటవే నడిచాయి. తీగ మీద గరుకు ఉంది, ఆ గరుకులో తనకిష్టమైన జీర ఉంది, నొప్పి మాత్రం లేదు. స్వరం పొట్టలోంచి మోకాళ్లలోకి, అక్కణ్నించి నేలలోకి దిగి వానలో కలిసిపోయింది. ఎవరో జోకొడుతున్నట్టుంది. ఎంతసేపు వాయించిందో ఆవిడకే తెలీదు.

"ఇవేం తీగలు బాబాయ్?"

"నువ్వెప్పుడూ వాడే రౌండ్‌వౌండే, అదే, ఆ గరుకు చుట్టు తీగలే. కాకపోతే బిగువు తక్కువ."

ఆవిడ టక్కున కళ్లు తెరిచింది. "అంటే చేతకానివాళ్లకా?"

"చెవులున్నవాళ్లకి!" అన్నాడు బాబాయి చిరాగ్గా, ఆవిడ గిటార్‌కి అవే కడుతూ. "మెత్తగా వాయించు. నీ అలవాటు కొద్దీ బాదావో, గిలక్కాయే."

సాయంత్రం ముగ్గురూ సాధనకి చేరారు. బాబాయి మాట ఆవిడ చెవికెక్కితేగా! తనకేం తగ్గలేదని చూపించుకోవాలి కదా మరి. మొదటి దెబ్బే ఫెళ్లున వేసింది. వదులు తీగలు గిటార్ మెడ మీది మెట్లకి కొట్టుకుని గలగలా గోల పెట్టాయి. చెల్లెలు పాట ఆపేసింది. తమ్ముడి ఎడమచెయ్యి చల్లగా కీబోర్డు మీదికి చేరింది. పెద్దక్కకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్కసారి మళ్లీ మొదలెట్టవే" అంది చెల్లెలితో, కళ్లు మూసుకుని. ఈసారి కొట్టలేదు. వెనకగదిలోలాగా తీగని తాకి వదిలింది. బయట వాన వినిపించింది. చెల్లెలి గొంతు వినిపించింది, పల్లవి చివర అది పీల్చే ఊపిరితో సహా. ఇన్నేళ్లూ పక్కనే నిలబడి ఈ ఊపిరి తనెప్పుడూ వినలేదే! తన బాదుడు కిందే నలిగిపోయిందన్నమాట. అయ్యో పిచ్చితల్లీ, అనుకుంది. ఆ ఊపిరికి చోటిచ్చి, మళ్లీ మెల్లగా అందుకుంది.

ఆఖరి చరణంలో కళ్లు తెరిచింది. తమ్ముడు ఒక్క కుడిచేత్తోనే వాయిస్తున్నాడు. ఎడమచెయ్యి ఎప్పుడు తీశాడో ఏమో, మోకాలి మీద పెట్టుకుని అక్క వాయింపుకి తాళం వేస్తున్నాడు.