సగం మోతాదు

ఆస్పత్రి నర్సు ఇంటికి వస్తానన్న రోజు పొద్దుటినుంచీ కోడలికి కాళ్లూ చేతులూ ఆడలేదు. కుట్టాల్సిన బట్టలు మిషను మీదే పడి ఉన్నాయి. తాను చేస్తున్న పని ఈరోజు బయటపడుతుందని ఆమె భయం.

అత్తగారు ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేసింది. రొమ్ము కాన్సరు ఎముకలకు పాకి మూడు నెలలుగా మంచంలోనే ఉంది. కొడుకు లారీ ఎక్కాడంటే వారానికి గానీ ఇల్లు చేరడు. చూసుకోవాల్సింది కోడలే. నాలుగు రోజుల కిందట డాక్టరు మార్ఫిన్ సిరప్ రాసిచ్చాడు. నాలుగు గంటలకోసారి, కొలత మూతలో గీత దాకా పోసి తాగించాలి. ఆ సాయంత్రమే పినత్తగారు ఫోన్ చేసింది.

"అది మత్తుమందటే! కాస్త ఎక్కువైతే మనిషి నిద్రలోనే పోతుంది. అప్పుడు నలుగురూ నిన్నేమంటారో ఆలోచించుకో."

ఏమంటారో కోడలికి తెలుసు. కోడలే చంపేసిందంటారు. ఆ పూట నుంచి ఆమె గీతకు సగం దాకానే పోస్తూ వచ్చింది.

మధ్యాహ్నం నర్సు వచ్చి మంచం పక్కకు కుర్చీ లాక్కుంది.

"టీచరుగారూ, నొప్పే లేకపోతే సున్నా, ఇక భరించలేనంటే పది. ఇప్పుడెంత?"

"నాలుగు."

"అత్తయ్య మార్కుల దగ్గర మహా పిసినారి సిస్టర్," అంది కోడలు ఉండబట్టలేక. "సొంత కొడుక్కే పాసు మార్కులు దాటనివ్వలేదు."

నర్సు నవ్వింది గానీ అంకె రాసుకోలేదు. నొప్పి ఎక్కడ, మంటా పోటా, పక్కకు తిరిగితే ఎలా ఉంటుంది, నిద్ర ఎంతసేపు పడుతోంది అని ఒక్కొక్కటే అడిగింది.

అత్తగారు గోడకేసి చూస్తూ చెప్పింది. "తుంటిలో మేకు దిగ్గొట్టినట్టు పోటు. కదిలితే ఇంకా లోపలికి దిగుతుంది. నిద్రనేదే లేదు. ఎవరైనా గదిలోకి వస్తుంటే మంచానికి తగులుతారేమోనని ఊపిరి బిగబట్టుకుంటాను."

కోడలు మంచం దగ్గర నుంచి ఓ అడుగు వెనక్కి జరిగింది. దుప్పటి సర్దడానికని రోజుకు పదిసార్లు వెళ్తున్నది తనే.

నర్సు సీసా వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇంత మందు మిగలకూడదే!"

కోడలు నోరు విప్పేలోగా అత్తగారే, "నేనే సగం చాలన్నాను," అంది.

"కాదు సిస్టర్!" కోడలు ఏడ్చేసింది. "అత్తయ్యకు తెలియనే తెలియదు. భయపడి నేనే..."

"తెలియకేం? గీత నాకు కనపడదా? నీ చెయ్యి వణకడమూ చూశాను. ఏమైనా అంటే ఆ సగం కూడా మానేస్తావని ఊరుకున్నాను."

నర్సు కోప్పడలేదు. డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడి, కోడల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"రాసినంత ఇస్తే ప్రాణం తీసే మందు కాదమ్మా. మొదట్లో కాస్త మగతగా ఉంటుంది. మలబద్ధకం చేస్తుంది, దానికి ఈ మాత్ర తప్పనిసరి. పిలిచినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే నాకు ఫోన్ చెయ్యి."

రెండింటికి నర్సు చూస్తుండగా కోడలు గీత దాకా పోసి తాగించింది. నర్సు అరగంట కూర్చుని వెళ్లిపోయింది.

ఇంట్లో ఇక ఆ ఇద్దరే. అత్తగారి కళ్లు మూతలు పడ్డాయి. కోడలు ఆ ఛాతీ మీద నుంచి చూపు తిప్పలేదు. లేస్తోంది, దిగుతోంది. దిగి, మళ్లీ లేవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. అప్పటిదాకా సన్నగా వినిపిస్తున్న గురక ఆగింది. కోడలు ఒక్క ఉదుటున లేచింది. "అత్తయ్యా!" అంటూ భుజం పట్టి కుదిపేసింది.

అత్తగారు ఒక కన్ను తెరిచింది. "ఏమిటే అమ్మాయ్? ఎన్నాళ్లకో కునుకు పట్టింది."

కోడలు కింద చతికిలబడి, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్తగారి చెయ్యి మంచం మీంచి జారి, ఆమె తల మీద ఆగింది.

"ఇలా రా, నన్ను కిటికీ వైపు తిప్పు. మెల్లగా."

తిప్పుతుంటే అత్తగారు మూలిగింది, కానీ అరవలేదు. మళ్లీ నిద్రపోయింది.

కోడలు గడియారం చూసింది. ఆరింటికి ఇంకో మోతాదు ఇవ్వాలి. నర్సు నంబరు ఫోన్‌లో పైకి తెచ్చి పెట్టుకుని, మళ్లీ ఆ ఛాతీనే చూస్తూ కూర్చుంది.