బయటి గొట్టం

మార్లిస్ ఇంట్లో బట్టలారబెట్టే డ్రైయర్ మొరాయించింది జనవరి చలిలో. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న డులూత్‌లో ఆ నెలలో బట్టలు బయట ఆరేస్తే అట్టముక్కల్లా బిగుసుకుపోతాయి గానీ ఆరవు. డ్రైయర్ గ్యాస్‌తో నడిచేది, నేల కింద బేస్‌మెంట్‌లో ఉండేది. కాసేపు తిరిగి ఆగిపోయేది. ముందువైపు ఉన్న చిన్న అద్దంలో ఏదో అక్షరం, పక్కన ఒక అంకె మెరిసేవి.

దాని సంగతి తను చూస్తానని తమ్ముడు ఆర్లన్ ముందుకొచ్చాడు. లారీ నడిపే ఉద్యోగం పోయినప్పటి నుంచి అతను అక్క ఇంట్లోనే, డ్రైయర్ ఉన్న గదికి ఆనుకున్న గదిలో ఉంటున్నాడు. భర్త పోయి ఒంటరిగా ఉన్న మార్లిస్‌కి ఇంట్లో ఒక నవ్వు వినపడడం బాగానే ఉండేది. మనిషి మంచివాడే, పనులే సగంలో వదిలేస్తాడు. అడిగితే మాత్రం అయిపోయిందంటాడు. ఆ మాట వినీ వినీ విసిగిపోయి భార్య విడాకులిచ్చింది. కూతురు బ్రిట్టా ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. ఈమధ్యే కొడుకు పుట్టాక మనసు కరిగి ఫోన్ చేసింది. ఆదివారం వచ్చి మనవణ్ణి చూసుకోమంది. అప్పటి నుంచి ఆర్లన్ కాలు నేలమీద నిలవడం లేదు.

మెరిసే అక్షరానికి అర్థమేమిటో ఫోన్‌లో వెతికాడు. వేడిని కనిపెట్టే చిన్న ముక్క పాడైందని తేలింది. కొత్తది తెచ్చి బిగించాడు. ముందటి అక్షరం పోయి ఇంకో అక్షరం మెరిసింది. గాలి బయటికి పోవడం లేదని దానికి అర్థం.

"ఒకటి పోతే ఇంకోటి. దీన్ని బాగుచేసేవాణ్ణి పిలుద్దాంరా," అంది మార్లిస్.

"అచ్చం నీలాగే అక్కా. ఒకదానికి జవాబు చెప్తే ఇంకోటి అడుగుతుంది," అని నవ్వాడు.

జల్లెడలో చేరిన నూగు దులిపాడు. వెనక నలిగిపోయిన గొట్టాన్ని సాగదీసి సరిచేశాడు. అయినా అక్షరం మెరుస్తూనే ఉంది. మెరిసినప్పుడల్లా ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టేవాడు. అప్పుడు కొంతసేపు తిరిగేది. ఇక మిగిలింది గొట్టం గోడలోంచి బయటికి తెరుచుకునే చోటు ఒక్కటే. అది ఉత్తరం వైపు. కప్పు మీంచి జారిపడిన మంచు అక్కడ నడుం లోతు పేరుకుని ఉంది.

శుక్రవారం పొద్దున మార్లిస్ బూట్లు తొడుక్కుంటూ, బయట చూశావా అని అడిగింది. ఆమె ఒక బడి వంటగదిలో పనిచేసేది. అప్పటికే ఆలస్యమైంది.

"చూశాను. శుభ్రంగా ఉంది. అయిపోయింది, నువ్వెళ్ళు," అన్నాడు ఆర్లన్. ఆదివారానికి చొక్కాలు ఉతుక్కోవాలని బట్టల బుట్ట చంకనెత్తుకుని మెట్లు దిగాడు.

ఆమె మధ్యాహ్నం తిరిగొచ్చి తలుపు తీసేసరికి హాల్లో విషవాయువు అలారం కూస్తోంది. పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. ముక్కుకి కోటు అడ్డం పెట్టుకుని కిందికి పరుగెత్తింది. ఆర్లన్ మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, పసిపిల్లాడికి జ్వరం వచ్చినట్టు ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. లాగబోయింది, కదల్లేదు. తల తిరిగిపోతుంటే గోడ పట్టుకుని పైకెక్కి, వాకిట్లో మంచులో కూలబడి ఫోన్ చేసింది.

అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. అతను పోయి చాలాసేపైందన్నారు. తలుపులన్నీ తెరిచి, లోపలికి వెళ్ళొచ్చన్నాక మార్లిస్ వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. ఒకతను పార పట్టుకుని ఉత్తరం వైపు వెళ్తున్నాడు. అక్కడ మంచు పరిచిన దుప్పటిలా ఉంది. ఒక్క అడుగు జాడ లేదు. అతని బూట్లే మొదట దిగబడ్డాయి. తవ్వగా తవ్వగా గొట్టం నోరు కనబడింది, లోపలిదాకా గడ్డకట్టి ఉంది. బయటికి దారి లేక గ్యాస్ పొగంతా వెనక్కి తన్ని, గదిలో నిండిపోయిందని అతను వచ్చి చెప్పాడు.

"ఎవరూ చూసుకోలేదా?" అని అడిగాడు.

తర్వాత ఆమె డ్రైయర్ మూత తీసింది. చొక్కాలు ఇంకా తడిగానే ఉన్నాయి. నీలం చొక్కా తీసి ఇస్త్రీ చేసింది, శవపేటికలో పడుకోబెట్టేటప్పుడు తొడగడానికి. చేస్తున్నంతసేపూ తమ్ముణ్ణి తిడుతూనే ఉంది. ఆ నాలుగడుగులు వేయడానికి నీకేం వచ్చిందిరా అని, నన్ను పంపించినా వెళ్ళేదాన్ని కదరా అని.

మర్నాడు బ్రిట్టా వచ్చింది. కోటు విప్పలేదు, ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"గురువారం నాన్న ఫోన్ చేశాడత్తా. బయట గొట్టం మూసుకుపోయిందేమో, చూడాలి అన్నాడు. చూశాడా?"

మార్లిస్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. అందులో దుఃఖం ఒక్కటే లేదు. నాన్న మళ్ళీ అదే పని చేశాడా, చేయనిది చేశానన్నాడా అన్న భయం కూడా ఉంది. ఎన్నో ఏళ్ళకి తండ్రిని నమ్మిన పిల్ల అది.

"నన్ను చూడమన్నాడు. మోకాలు నొప్పిగా ఉంది, నువ్వు చూడక్కా అన్నాడు," అంది మార్లిస్.

"చూశావా?"

"లేదు. చూశానని చెప్పాను."

"నమ్మాడా?"

"నమ్మాడు."

"ఆదివారం నాన్న వస్తున్నాడని ఉయ్యాల దగ్గర కుర్చీ వేసి ఉంచానత్తా," అంది బ్రిట్టా. లేచి తలుపు దగ్గరికెళ్ళి, వెనక్కి తిరక్కుండానే, "నీ మొహం చూడలేను నేను," అంది. వెళ్ళిపోయింది.

అంత్యక్రియల రోజు చర్చిలో ఆమె అవతలి వరసలో కూర్చుంది. ఆ తర్వాత మార్లిస్ రాసిన దేనికీ జవాబు రాలేదు.

వేసవిలో చుట్టం ఓల్గా బ్రిట్టా ఉండే మినియాపొలిస్ వెళ్ళొచ్చి మార్లిస్‌ని పలకరించడానికి వచ్చింది. పిల్లాడు పాకుతున్నాడట, చెవులు ఆర్లన్‌వేనట. ఉయ్యాల పైన గోడకి తాతయ్య ఫొటో పెట్టిందట బ్రిట్టా. వచ్చినవాళ్ళందరికీ, వాడిని ఎత్తుకుని, ఆ ఫొటో చూపిస్తోందట.

"నీ గురించి మాటెత్తాను. వద్దు పిన్నీ అంది," అంది ఓల్గా ఇబ్బందిగా. "అసలేం జరిగింది మార్లిస్?"

"తనకి తెలిసిందే జరిగింది," అంది మార్లిస్. ఇంకో ముక్క కేకు తినమని పళ్ళెం ఆమె వైపు జరిపింది.